బ్రాంబుల్ బరువు

ఫిబ్రవరి 7, మంగళవారం

బ్రాంబుల్ 612 గ్రాములు. మోస్ 1,340. టాగ్ 1,410.

వంటింటి తూకం మీద గిన్నె పెట్టి తూచాను. మోస్, టాగ్, పోతులు రెండూ గిన్నెలో ఆగలేదు. పొడుగాటి ఒళ్ళు, ఒలికిన నీళ్ళలా అంచు దాటి జారిపోతాయి. మూడోసారికి అంకె దొరికింది. బ్రాంబుల్ మాత్రం పెట్టిన చోటే కూర్చుంది. ముంగిసలాంటి చురుకైన జంతువు, ఫెర్రెట్ అలా కూర్చోకూడదు.

పొద్దున ఎనిమిదిన్నరకు దాని వెనక కాళ్ళు పడిపోయాయి. నోటి పక్కన చొంగ. పళ్ళ మధ్య ఏదో ఇరుక్కున్నట్టు ముందు కాళ్ళతో మూతి గీరుకుంది. కళ్ళు తెరిచే ఉన్నాయి, నన్ను చూడటం లేదు. పశువుల ఆసుపత్రికి ఫోన్ చేస్తే చిగుళ్ళకు తేనె రాయమన్నారు. రాశాను. నాలుగు నిమిషాలకు లేచి, నా మూతి నాకింది. తుడుచుకున్నాను.

డాక్టర్ ఓర్లా రక్తం చూసి చెప్పింది. క్లోమంలో గడ్డ. చక్కెర ఉన్నట్టుండి పడిపోతోంది. ఈ వయసు ఫెర్రెట్లలో తరచూ వస్తుందట.

"ఆపరేషన్?"

"ఐదేళ్ళు దాటాయి, ఇంత బక్కది. నేనైతే కత్తి పట్టను. మాత్రలిస్తాను. ఏం పెడుతున్నారు దీనికి?"

"బిస్కట్లు. మా తమ్ముడు సంచి కొనిపెట్టి వెళ్ళాడు."

"వాటి నిండా పిండే. మెల్లిగా పచ్చి మాంసానికి మార్చి చూడండి."

"మారిస్తే మేలని రుజువుందా?"

"మీరేమన్నా విలేకరా?"

"ఒకప్పుడు."

"గట్టి రుజువు లేదు. మారిస్తే గడ్డ పోతుందని నేను చెప్పను. కానీ దీని నోరు చూడండి." వేలితో పెదవి ఎత్తింది. "వీటిలో పిండి నమలడానికి పుట్టిన పన్ను ఒక్కటుంటే చూపించండి."

లేదు.

నాలుగు గంటలకు మించి ఖాళీ కడుపుతో ఉంచకూడదంది. ఏప్రిల్ దాకా ఉంటుందా అని అడిగాను. ఏప్రిల్లో ఏముందని అడిగింది. మా తమ్ముడు వస్తాడన్నాను. ఎక్కడి నుంచో చెప్పలేదు.

ఫిబ్రవరి 8, బుధవారం

తమ్ముడు కోలిన్ జైలు నుంచి విడుదలయ్యేది ఏప్రిల్ 14. బండి నడపకూడదని కోర్టు నిషేధం ఉండగా నడిపాడు, మూడోసారి. ఆరు నెలల శిక్ష, అందులో సగం లోపల. ఆ కోర్టులో విలేకరుల బల్ల దగ్గర ముప్ఫయ్యేళ్ళు కూర్చున్నాను. వాడికి శిక్ష పడిన రోజు ఆ బల్ల ఖాళీగా ఉంది. మా పత్రిక మూతపడ్డాక అక్కడ ఎవరూ కూర్చోవడం లేదు. వాడి పేరు ఎక్కడా అచ్చవలేదు. మంచిదే.

ఈ ఇంట్లో మాంసం ఉండదు. అమ్మ పోయాక నేను ఈ ఇంటికి వచ్చినప్పుడు ఇద్దరం కలిసి పెట్టుకున్న నియమం. 1992లో కోళ్ళ కబేళా మీద వార్త రాసిన మర్నాటి నుంచి నేను ముట్టలేదు. కోలిన్‌కు అభ్యంతరం లేదు. వాడు బయట తింటాడు. ఫెర్రెట్లకు బిస్కట్లు పెట్టాలన్నది కూడా వాడి నిర్ణయమే. గిన్నెలో పోసి వెళ్ళిపోవచ్చు. వాడికి మొదటి నుంచీ సులువైన పనులే ఇష్టం.

కోడి ఖీమా తెచ్చాను. వెనక తలుపు బయట, మూత ఉన్న డబ్బాలో పెట్టాను. బయటే కాబట్టి నియమం చెడలేదు.

ఫిబ్రవరి 11, శనివారం

ఓర్లా చెప్పిన పద్ధతి: ఖీమాను గోరువెచ్చని నీళ్ళతో గంజిలా రుబ్బాలి, బిస్కట్లు అందులో నానబెట్టాలి, రోజురోజుకూ బిస్కట్లు తగ్గించాలి. పెరట్లో, రబ్బరు చేతి తొడుగులతో చేశాను.

మోస్ వాసన చూసి వెనక్కి తిరిగింది. టాగ్ పడక మీది గుడ్డను గది ఈ చివర నుంచి ఆ చివరకు లాక్కొచ్చి గిన్నె మీద కప్పింది. పెంటను కప్పినట్టు. బ్రాంబుల్ లేవలేదు.

కారణం ఓర్లాను అడిగి రాసుకున్నాను. ఆరు నెలల వయసు లోపల వాసన ఎరగని దాన్ని ఇవి తిండి అనుకోవు. ఆకలితో మాడుతున్నా అనుకోవు. కుందేలు బొరియలోకి దూరి వేటాడటానికి తయారైన ఒళ్ళు, ఆ పళ్ళు, ఆ ముక్కు. ఎదురుగా మాంసం పెడితే అదేమిటో తెలియలేదు.

ముప్ఫయ్యేళ్ళలో చాలా సంగతులు రాశాను. ఇలాంటిది రాయలేదు.

ఫిబ్రవరి 14, మంగళవారం

టాగ్ నా వేలి మీది గంజి నాకింది. ఒక్కసారి. పొరపాటున కావచ్చు.

ఫిబ్రవరి 18, శనివారం

కోలిన్‌ను చూసి వచ్చాను. సన్నబడ్డాడు. జుట్టు కత్తిరించారు.

"తిండెలా ఉందిరా?"

"నీ వంటకన్నా ఉప్పుందక్కా."

"అంత బాగుంటే అక్కడే ఉండిపో."

"నాకేం, ఉంటాను. నా పిల్లల్ని పంపించు. ఎలా ఉన్నారు?"

"బాగున్నాయి."

"బ్రాంబులో?"

"ఎక్కువ పడుకుంటోంది."

"చలి కదా. బిస్కట్లు మాత్రం మార్చకక్కా. ఆ సంచే కొను. దానికి కడుపు సున్నితం."

సరే అన్నాను. టాగ్ అప్పటికి నాలుగు రోజులుగా గంజి తాగుతోంది. చెప్పలేదు. అడగలేదు కాబట్టి చెప్పలేదు.

ఫిబ్రవరి 19, ఆదివారం

ముక్కలు అలవాటు చేయాలంటే కుందేలు మేలని ఓర్లా అంది. ఈ ఊళ్ళో కుందేలంటే విల్ఫ్ హెప్పుల్. నాన్నతో గనిలో పనిచేసినవాడు. ఎనభై ఒకటి. కూరగాయల తోట చివర షెడ్డులో పదకొండు ఫెర్రెట్లు, డీప్‌ఫ్రిజ్ నిండా వాటితో పట్టిన కుందేళ్ళు.

"బిస్కట్ల రాణిగారు ఇటు దయచేశారే!" అన్నాడు. "ఏం కావాలమ్మా? నా దగ్గర క్యాబేజీ తప్ప నువ్వు తినేదేం లేదు."

"కుందేలు, బాబాయ్."

చేతిలో పార ఆపాడు. "ఎవరికి?"

"కోలిన్ వాటికి."

ఏదో అనబోయి మానేశాడు. చర్మం తీసింది ఒకటి, ముక్కలు చేసి, ఎముకల్తోనే ఇచ్చాడు. "పచ్చిదే పెట్టు. ఉడికిస్తే ఎముక చీలి పేగులో గుచ్చుకుంటుంది. పచ్చి ఎముక పిండైపోతుంది. భయపడకు, వాటికి తెలుసు."

"వాటికి తెలియదనే కదా గొడవ."

"తల మర్చిపోయిందేమో. దవడ మర్చిపోదులే."

ఒక కుందేలు బయటి డబ్బాలో పట్టలేదు. ఫ్రిజ్‌లో కింది అరలో పెట్టాను. రెండు సంచుల్లో చుట్టి.

ఫిబ్రవరి 23, గురువారం

మధ్యాహ్నం రెండుంబావు. టాగ్‌కు పక్కటెముకల ముక్క వేశాను. వాసన చూసింది. వెనక్కి గెంతింది. మళ్ళీ వచ్చి పంటితో పట్టి ఒకసారి విదిలించింది. తర్వాత తల పక్కకు వాల్చి, ముక్కను దవడ వెనక పళ్ళ మధ్యకు జరిపింది. ఎవరూ నేర్పలేదు. మూడేళ్ళుగా దాని నోట్లో గుండ్రటి పొడి బిళ్ళలు తప్ప ఏమీ పడలేదు. ఆ వెనక పళ్ళు అన్నాళ్ళూ అక్కడే ఉన్నాయి, పని లేకుండా.

చప్పుడు వచ్చింది. చిన్నది, పొడిది. కాలి కింద చలికాలపు నీటి గుంట మీది మంచు పొర విరిగినట్టు.

నేను కబేళాలో విన్న చప్పుళ్ళు వేరు. అక్కడ యంత్రాలు ఉన్నాయి, గొలుసులు ఉన్నాయి, మనుషులు అరుచుకునేవారు. ఇక్కడ ఒక జంతువు కళ్ళు సగం మూసుకుని తన పని తాను చేసుకుంటోంది. ఎముక, కండ, నరం దేన్నీ వదల్లేదు. నేల మీద ఒక్క చుక్క పడలేదు. రెండు నిమిషాల నలభై సెకన్లు. తిన్నాక మూతిని చాపకు రెండు వైపులా తుడుచుకుని, గొంతులో గుడగుడమంటూ గది చుట్టూ వంకరగా గెంతింది. మోస్ చూస్తూ నిలబడింది. సాయంత్రానికి మోస్ కూడా తింది.

వంటింటి నేల మీద ఎంతసేపు కూర్చున్నానో రాసుకోలేదు. మోకాళ్ళు పట్టేశాయి.

బ్రాంబుల్ ముట్టలేదు. 574.

ఫిబ్రవరి 26, ఆదివారం

బ్రాంబుల్ 569. మాత్రలు వేస్తున్నాను. నానిన బిస్కట్లు ఆరు తింది. మాంసం పెడితే మొహం తిప్పుకుంటుంది.

దిద్దుబాటు: 566. 569 నిన్నటిది. అది చూడాలనిపించి అది రాశాను.

మార్చి 1, బుధవారం

551.

మళ్ళీ పడిపోయింది. ఈసారి తేనె రాశాక లేవడానికి పదకొండు నిమిషాలు పట్టింది. బిస్కట్లు కూడా మానేసింది. సిరంజితో గంజి పోస్తే సగం బయటికి ఉమ్మింది.

ఓర్లా మెల్లిగా మాట్లాడింది. మెల్లిగా మాట్లాడేవాళ్ళు ఏం చెప్పబోతారో నాకు తెలుసు. వాళ్ళ ఎదురుగా నోట్‌బుక్ పట్టుకుని కూర్చోవడమే ఒకప్పటి నా ఉద్యోగం.

"ఇంకో రెండు రోజులు చూద్దాం. తనంతట తను తినకపోతే, ఇక దాన్ని బాధపెట్టొద్దు."

"ఏప్రిల్ 14 అన్నాను మీతో."

"గుర్తుంది. దానికి తెలియదు కదా ఆ తేదీ."

మార్చి 2, గురువారం

బ్రాంబుల్‌ను కోటు లోపల పెట్టుకుని విల్ఫ్ దగ్గరికి వెళ్ళాను. చేతిలోకి తీసుకుని చిగుళ్ళు నొక్కి చూశాడు. చాలాసేపు మెడ నిమిరాడు.

"ఇది మా ఫెర్రెట్ పిల్లే. ఆరు వారాలప్పుడు మీవాడు జేబులో వేసుకుపోయాడు. అప్పటికే కుందేలు చెవి పట్టుకు గుంజేది, దొంగముండ."

"మరి వాడు బిస్కట్లకెందుకు మార్చాడు బాబాయ్? సులువనేనా?"

"నిజంగా అడుగుతున్నావా, పేపరువాళ్ళ వేషమా?"

"నిజంగానే."

"అంతకుముందున్న వాటికి వారం తప్పకుండా నా దగ్గర కుందేలు పట్టుకెళ్ళేవాడు. మీ అమ్మ పోయి నువ్వు ఆ ఇంటికొచ్చాక ఓ రోజొచ్చి 'ఇక వద్దు బాబాయ్, అక్కకి గిట్టదు' అన్నాడు. షెడ్డులో దాచుకోరా అన్నాను. 'వాసన తగిలితే లేచి వెళ్ళిపోతుంది. ఇన్నాళ్ళకి ఇంట్లో ఓ మనిషి తోడు దొరికింది, ఎందుకొచ్చింది' అన్నాడు. వద్దంటే నేనేం చేస్తాను? వాడి పిల్లలు, వాడి అక్క."

బ్రాంబుల్‌ను తీసుకుని మళ్ళీ కోటులో పెట్టుకున్నాను.

"ఏడవడానికొచ్చావా, దీనికి తిండి పెట్టడానికొచ్చావా?"

"ఏడవట్లేదు."

"అయితే విను. దీనికి మాంసం గుర్తులేదు. బిస్కట్టు మీద రోత పుట్టింది. నీ మూతి నాకుతోందా?"

"రోజూ. తుడుచుకుంటాను."

"తుడుచుకోకు. పిల్లలు కళ్ళు తెరవగానే మేం ముందు మా ఉమ్మి నాకిస్తాం. మా నాన్న నేర్పాడు. ఉమ్మి ఎరిగిన చేతిని అది కరవదు, ఆ ఉమ్మితో వచ్చింది ఏదైనా తింటుంది. మీవాడూ దీనికి అలాగే చేశాడు, ఇదిగో ఈ బల్ల మీదే. ఇప్పుడది నీ నోట్లో వెతుక్కుంటోంది. నమిలి పెట్టు."

"నేనా?"

"కాకపోతే మీ పేపరు ఎడిటర్ని పిలిపిద్దామా?"

దారిలో ఓర్లాకు ఫోన్ చేసి, పచ్చి కుందేలు మనిషి నమలవచ్చా అని అడిగాను. "ఆ ప్రశ్న నాకు వినబడలేదు," అంది. కాసేపాగి, "ఫ్రీజర్లో ఎన్నాళ్ళుంది?" అంది. ఇప్పుడిచ్చింది విల్ఫ్ డీప్‌ఫ్రిజ్‌లో నెలన్నర ఉందన్నాను. "మింగకండి. తర్వాత నోరు శుభ్రంగా కడుక్కోండి. ఇది కూడా నేను చెప్పలేదు."

ఇక ఫిబ్రవరి 8న రాసిందానికి దిద్దుబాటు. నియమం కలిసి పెట్టుకోలేదు. నేను చెప్పాను, వాడు తలూపాడు. తలూపడం సమ్మతి అని రాసుకున్నాను. ఏడేళ్ళు అలాగే చదువుకున్నాను. బిస్కట్ల వల్లే గడ్డ వచ్చిందని రుజువు లేదు, ఓర్లా ఆ మాట అనలేదు, నేనూ అనను. కానీ బిస్కట్లు ఎవరి వల్ల వచ్చాయో రుజువుంది. సాక్షి పేరు విల్ఫ్ హెప్పుల్.

మధ్యాహ్నం పన్నెండూ పది. తొడ ముక్క, గోరంత. ప్లేటులో పెట్టుకుని బల్ల దగ్గర కూర్చున్నాను. బ్రాంబుల్ ఒడిలో ఉంది. నోట్లో వేసుకున్నాను.

చల్లగా ఉంది. తర్వాత లేదు. ఇనుము రుచి, కొద్దిగా తీపి. ఇరవై సార్లు నమలాలనుకున్నాను. పన్నెండు దగ్గర ఆగి, మళ్ళీ మొదలుపెట్టి ఇరవై చేశాను. ముప్ఫయ్యొక్కేళ్ళు. నా దవడ కూడా మర్చిపోలేదు.

వేలి మీదికి తీసి దాని ముక్కు ముందు పెట్టాను. తల తిప్పుకుంది. అలవాటుగా నా మూతి దగ్గరికి మెడ చాచి పెదవులు నాకింది. ఆగింది. మళ్ళీ నాకింది. ఒళ్ళంతా, తోక చివరి దాకా సన్నగా వణికింది. ముక్కు నా పెదవి నుంచి గడ్డానికి, గడ్డం నుంచి మణికట్టుకు, అక్కడి నుంచి వేలికి దిగింది. ఒక్కొక్క అంగుళం, చీకట్లో గోడ పట్టుకుని నడిచే మనిషిలా. వేలి దగ్గర చాలాసేపు ఉంది. తర్వాత తీసుకుంది.

మింగింది. గొంతు కదలడం చూశాను.

ఇంకోటి నమిలాను. అదీ తింది. ఏడు ముక్కలు. ఏడోదాని దగ్గర నా వేలు కూడా కొరికింది, రక్తం వచ్చింది. అరవలేదు. ఎందుకు అరవాలి, తినడానికే కదా కొరికింది.

ఇది రాస్తుంటే వేలి రక్తం కాగితానికి అంటింది. వార్తల్లో ఎవరి గురించైనా ఈ మాట వస్తే కొట్టేసేదాన్ని. వాస్తవమే కాబట్టి ఉంచుతున్నాను.

మార్చి 3, శుక్రవారం

తెల్లవారుజామున 3:15, ఉదయం 7:00, 9:40, 12:15, 2:30, 5:00, రాత్రి 8:00, 11:30. ఎనిమిదిసార్లు నమిలాను. ఓర్లాకు ఫోన్ చేసి తింటోందన్నాను. తనంతట తనేనా అంది. నా చేతి నుంచి అన్నాను. సరిపోతుందంది.

మార్చి 5, ఆదివారం

553. నిన్న 549. రెండుసార్లు తూచాను. 553.

సాయంత్రం నమలకుండా, ముక్క మీద నాలుక మాత్రం ఆనించి ఇచ్చాను. తీసుకుంది.

మార్చి 7, మంగళవారం

నాలుక ఆనించలేదు. తీసుకుంది.

మార్చి 9, గురువారం

గిన్నెలోంచి తనే తింది. కాలేయం ముక్క నోట కరుచుకుని అలమర కిందికి ఈడ్చుకుపోయి, దాచిపెట్టి, నా వైపు చూసి, మళ్ళీ తీసి వేరే చోట దాచింది. నేను చూస్తే దొంగిలిస్తానని దాని అనుమానం.

ఓర్లా వచ్చి రక్తం చూసింది. చక్కెర నిలబడింది. "గడ్డ ఉంది. ఉంటుంది," అంది. "ఎన్నాళ్ళో నన్నడక్కండి." అడగలేదు. ఏప్రిల్ 14 అని మాత్రం గుర్తుచేశాను. "ఇంత మొండిగా తినేదాన్ని నేనైతే కొట్టిపారెయ్యను," అంది.

వెళ్తూ ఫ్రిజ్ వైపు చూసి, "మీరు శాకాహారులు కాదూ?" అంది. కుందేలు ఇప్పుడు మధ్య అరలో ఉంది, పళ్ళెంలో, నా పాల సీసా పక్కన. ఎప్పుడు మారిందో చూసుకోలేదు.

అవునన్నాను. అవును కూడా. నేను ఒక్క ముక్కా మింగలేదు.

మార్చి 12, ఆదివారం

బ్రాంబుల్ 571.

మూడు గంటలకు కోలిన్ ఫోన్ చేశాడు. ఆదివారాలు పది నిమిషాలు దొరుకుతాయి. వెనక టీవీ మోత, ఎవరో నవ్వుతున్నారు.

"అక్కా, పిల్లలెలా ఉన్నారు?"

"బ్రాంబుల్‌కు జబ్బు చేసిందిరా."

 తర్వాత అంతా చెప్పాను, తేదీలతో సహా. పడిపోవడం, క్లోమం, 549. 

"అంటే ఆ రోజు నన్ను చూడ్డానికొచ్చినప్పుడే..."

"అవును. బాగున్నాయని అబద్ధం చెప్పాను."

"ఎందుకే?"

"నువ్వు అందులో కూర్చుని ఏం చేస్తావు? అదీ ఒక సాకే. ఒరేయ్, విల్ఫ్ బాబాయ్ దగ్గర కుందేళ్ళు ఎందుకు మానేశావు?"

"బిస్కట్లు సులువక్కా."

"బాబాయ్ చెప్పాడు."

"ఆ ముసలాడికి నోరాగదు."

"ఆ నియమం నాది. నీతో తలూపించాను. తప్పు నాది."

 "ఏడేళ్ళకి దిద్దుబాటు వేస్తున్నావా? మీ పేపర్లోలాగా? ఏ పేజీలో, లోపల అడుగునా?"

"మొదటి పేజీలో. పెద్దక్షరాల్లో."

నవ్వబోయి మధ్యలో ఆగిపోయాడు. "ఆ చప్పుడేంటి?"

"బ్రాంబుల్."

"ఏం చేస్తోంది?"

"కుందేలు కాలు. తొడ నుంచి మొదలుపెట్టింది, ఇప్పుడు ఎముక దగ్గరికి వచ్చింది."

"మన వంటింట్లోనా?"

"నా పాదం మీద. నా మేజోడు పాడైపోయింది."

అటు పక్కన ఎవరో వాడిని పిలిచారు, ఆగమన్నాడు. 

"అక్కా, ఫోన్ దాని దగ్గర పెట్టు."

నేల మీదికి వంగి, ఫోన్‌ను దాని మూతికి జానెడు దూరంలో పెట్టాను. అది ఒకసారి ఫోన్ వాసన చూసింది. పనికిరాదనుకుంది. కాలు పక్కకు తిప్పి, తల వాల్చి, వెనక పళ్ళ మధ్యకు జరిపింది. విరిగింది. మళ్ళీ విరిగింది. నేను పక్కనే పడుకుని విన్నాను. ఫోన్‌లోంచి మాటేమీ రాలేదు.

తీసి చెవి దగ్గర పెట్టుకునేసరికి అటు పక్క ఎవరూ లేరు. పది నిమిషాలు ఎప్పుడో అయిపోయాయి. వాడు ఎంతదాకా విన్నాడో తెలియదు. బ్రాంబుల్ ఇంకా నములుతూనే ఉంది.